చక్కెర పొడి డబ్బా మీద రాయవలసిన తేదీ

మూడేళ్ల క్రితం, ఒకే వారంలో, చక్కెర పొడి విషయంలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది గాజు సీసాలో బిగుతు మూత పెట్టి దాచుకున్న పొడి గురించి. కొన్న పొట్లం మీది తేదీని కత్తిరించి సీసాకు అంటించుకున్నాను. దాని ప్రకారం గడువు దాటి 5 నెలలైంది. సీసాను వంచితే పొడి మెత్తగా జారింది, ఏ వాసనా లేదు, ఒక్క ఉండ కూడా కట్టలేదు. అయినా మా అక్క చూసి, "తేదీ అయిపోయింది కదే, పిల్లలు తినేదాంట్లో వేస్తావా, పారెయ్" అనగానే మారు మాట్లాడకుండా చెత్తబుట్టలో వంపేశాను. రెండవది అసలు తెరవనే తెరవని అరకిలో పొట్లం. దాని మీద ఇంకా 14 నెలల గడువు మిగిలి ఉంది. ఆ ధీమాతో వాసనైనా చూడకుండా దాన్ని వెన్నలో కలిపి పుట్టినరోజు కేకుకు పూతగా వేశాను. మొదటి ముక్క నోట పెట్టుకున్న మా అమ్మాయి మొహం చిట్లించి, "అమ్మా, సబ్బు వాసన వస్తోంది" అంది. ఆ పొట్లం 4 నెలలుగా బట్టల సబ్బు పొడి పక్కన, ఒకే అరలో ఉంది.

బాగున్నదాన్ని పారేశాను, చెడిపోయినదాన్ని వడ్డించాను. రెండుసార్లూ నేను నమ్మింది పొట్లం మీద అచ్చువేసిన తేదీనే. అప్పటి నుంచి చక్కెర పొడి ఎందుకు చెడుతుంది, ఎందుకు చెడదు అన్నది శ్రద్ధగా తెలుసుకుంటూ వచ్చాను. నేను చేరిన అభిప్రాయం ఇది: "చక్కెర పొడి ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది?" అని అడిగినంతకాలం మనకు సరైన జవాబు దొరకదు. ఆ పొడికి వయసును ఇచ్చేది కాలం కాదు, దానికి తగిలే గాలి. ఏ గాలి, ఎంత తేమతో, ఏ వాసనతో, ఎన్నిసార్లు తగిలింది అన్నది తెలిస్తే నెలల లెక్క దాదాపుగా అక్కరలేదు. అది తెలియకపోతే నెలల లెక్క వల్ల ఉపయోగం లేదు.

ముందుగా ఆ అచ్చు తేదీ ఏమిటో చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నెలకొల్పిన కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ 1985లో రూపొందించి, తరువాత పలుమార్లు సవరించిన లేబుల్ ప్రమాణంలో, తేదీ వేయనక్కరలేని పదార్థాల జాబితా ఒకటి ఉంది. వెనిగర్, ఉప్పు వంటివాటితో పాటు ఘనరూపంలోని చక్కెరలు కూడా అందులో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన 1169వ నిబంధన సైతం ఘనరూపంలోని చక్కెరకు అదే మినహాయింపు ఇచ్చింది. ఇవి ఉదారంగా ఇచ్చిన సడలింపులు కావు. పొడిగా ఉన్నంతకాలం చక్కెర చెడదన్న ఎరుకతో చేసిన నిర్ణయాలు. దేశదేశాల చట్టాల్లో తేడాలు ఉండవచ్చు, తయారీదారులు కూడా తమంతట తాము తేదీ వేస్తూనే ఉంటారు. అయితే చక్కెర పొడి పొట్లం మీద సాధారణంగా కనిపించేది "ఈ తేదీలోగా ఉత్తమం" అన్న రకం తేదీయే తప్ప "ఈ తేదీ తరువాత తినరాదు" అన్న హెచ్చరిక కాదు. ఆ లోపు పొడి జారుడుగా, ఉండలు లేకుండా ఉంటుందని తయారీదారు ఇచ్చే మాట అది. ఆ మాట కూడా పొట్లం తెరవనంతవరకే, చెప్పిన చోట చెప్పినట్టు ఉంచినంతవరకే చెల్లుతుంది. తెరిచిన మరుక్షణం నుంచి దాని భవిష్యత్తు మన చేతిలో ఉంటుంది. ఆ సంగతి తయారీదారుకు తెలిసే అవకాశం లేదు కనుక పొట్లం మీద రాసే అవకాశమూ లేదు.

మరి చక్కెర ఎందుకు చెడదు? చాలామంది "తీపి ఎక్కువ కాబట్టి" అంటారు. అది అసలు కారణానికి కొంత దగ్గరగా ఉన్నా కారణం మాత్రం కాదు. ఒక పదార్థంలో ఎంత నీరు ఉందన్నది కాక, ఆ నీటిలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్నదెంత అన్నదే వాటి పెరుగుదలను నిర్ణయిస్తుందని 1953లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డబ్ల్యు. జె. స్కాట్ తన పరిశోధనలో చూపించాడు. ఆ అందుబాటును సున్న నుంచి 1 వరకు కొలిచే కొలమానాన్ని జల క్రియాశీలత అంటారు. శుద్ధమైన నీటికి అది 1. ఆహారాన్ని చెడగొట్టే బ్యాక్టీరియాలో చాలావాటికి 0.91కి పైగా కావాలి. సాధారణమైన బూజులకు 0.80 దాకా చాలు. ఎండిన పదార్థాల మీద కూడా బతకగల మొండి బూజులూ, చిక్కటి పాకాన్ని సైతం పులియబెట్టగల కొన్ని ఈస్టులూ 0.61 వరకు దిగి పెరగగలవు. అంతకు కిందికి దిగితే ఏ సూక్ష్మజీవీ పెరగడం లేదు. కోడెక్స్ ప్రమాణం తెల్ల చక్కెరలో తేమను 0.1 శాతానికి మించనివ్వదు కనుక, పొడిగా ఉన్న చక్కెర ఈ గీతలన్నిటికీ చాలా దిగువన ఉంటుంది. పైగా చక్కెరలో కొవ్వు లేదు, కాబట్టి నూనెలకూ పప్పులకూ పట్టే ముక్క వాసన దానికి పట్టదు. ఆరోగ్యం మాటకు వస్తే, పొడిగా ఉన్న చక్కెర పొడికి గడువు లేదని చెప్పడానికి నేను సంకోచించను.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేస్తే నేను చెబుతున్నది అర్ధసత్యం అవుతుంది. సూక్ష్మజీవులు పెరగవు అంటే చచ్చిపోతాయని కాదు. పొడి పదార్థాల్లో కొన్ని వ్యాధికారక బ్యాక్టీరియా నెలల తరబడి నిద్రాణంగా బతికి ఉండగలవు. కోడిగుడ్డు సొన తగిలిన చెంచాను, పచ్చి పిండి అంటిన చేతిని సీసాలో పెడితే, అక్కడ దిగిన మాలిన్యం చక్కెరలో వృద్ధి చెందకపోయినా అలాగే పొంచి ఉండి, ఆ పొడిని తరువాత ఏ పాలమీగడలోనో కలిపిన రోజున లేచి కూర్చోవచ్చు. తడి చెంచా పెట్టవద్దని పెద్దవాళ్లు అరిచేది ఉండలు కడతాయని మాత్రమే అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ నియమానికి ఇంకో కారణం కూడా ఉందని తెలిసి దాన్ని మరింత గట్టిగా పాటిస్తున్నాను.

తేమ తగిలిన చక్కెర సంగతి వేరు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 గ్రాముల నీటిలో దాదాపు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. ఇక కరగలేనంతగా చక్కెర నిండిన ఆ పాకంలో జల క్రియాశీలత సుమారు 0.85. అంటే పొడిలో ఒక మూల చెమ్మగిల్లి పాకంలా మారితే, బ్యాక్టీరియాలో చాలావాటికి అక్కడ చోటు దొరకకపోయినా బూజులకూ ఈస్టులకూ దొరుకుతుంది. సీసా అడుగున జిగటగా పేరుకుని, పులిసిన వాసన కొడుతున్న చక్కెరను నేను చూశాను. దాన్ని ఆరబెట్టి వాడుకుందామన్న పొదుపు ఆలోచన నాకు రాలేదు, ఎవరికీ రాకూడదు కూడా.

ఇంతవరకు చెప్పింది చక్కెర ఏ రూపంలో ఉన్నా వర్తిస్తుంది. కాని గింజ చక్కెర డబ్బా ఏడాదిపాటు అలాగే ఉంటే, పక్కనే ఉన్న పొడి డబ్బా రెండు నెలలకే గడ్డకడుతుంది. రెండూ ఒకే పదార్థం అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం ఇదే.

అంచు పొడవు అర మిల్లీమీటరు ఉన్న ఒక చక్కెర గింజను పాచికలాంటి ఘనంగా ఊహించుకుని, దాన్ని పదో వంతు అంచు ఉన్న ముక్కలుగా నలగగొట్టామనుకోండి. ఒక గింజ 1000 రేణువులవుతుంది, వాటన్నిటి ఉపరితలం కలిపితే మొదటిదానికి 10 రెట్లవుతుంది. చక్కెర సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.59 గ్రాములని తీసుకుని కాగితం మీద లెక్క కట్టి చూశాను: కిలో గింజ చక్కెరకు సుమారు 7.5 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే, అదే కిలో పొడికి 75 చదరపు మీటర్లు ఉంటుంది. అసలు పొడిలో రేణువులు ఇంకా సన్నగానే ఉంటాయి కాబట్టి ఇది తక్కువ అంచనాయే. కిలో గింజల మీద వాలే తేమకు ఒక చిన్న గది నేలంత చోటు ఉంటే, పొడి మీద వాలే తేమకు ఒక ఇల్లంత చోటు ఉంది. ఉపరితలం పెరిగితే అదే పదార్థం ఎంత వేరుగా ప్రవర్తిస్తుందో చెప్పడానికి ఒక విషాద ఉదాహరణ కూడా ఉంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పోర్ట్ వెంట్‌వర్త్‌లోని చక్కెర శుద్ధి కర్మాగారంలో గాలిలోకి లేచిన చక్కెర ధూళి పేలి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. వంటింట్లో ఆ స్థాయి ప్రమాదం రాదు కాని, వెలుగుతున్న స్టవ్ పక్కన చక్కెర పొడిని జల్లించే అలవాటును మాత్రం ఆ సంగతి తెలిసిన రోజునే మానేశాను.

ఉపరితలం పెరగడం ఒక్కటే అయితే తేమ లేనిచోట ఏ ఇబ్బందీ ఉండకూడదు. కాని నలగగొట్టడంలో ఇంకొకటి కూడా జరుగుతుంది. చక్కెర గింజ అంటే అణువులు వరుస తప్పకుండా పేర్చుకున్న స్ఫటికం. మిల్లులో పడే దెబ్బలకు ప్రతి రేణువు పైపొరలో ఆ వరుస చెదిరిపోయి, క్రమం లేని గాజులాంటి పొర మిగులుతుంది. చక్కటి స్ఫటికం, గాలిలో సాపేక్ష తేమ 85 శాతం దగ్గరికి చేరేవరకు నీటిని పెద్దగా పట్టించుకోదు. ఈ చెదిరిన పొర మాత్రం చాలా తక్కువ తేమలోనే నీటిని పీల్చి మెత్తబడుతుంది. మెత్తబడ్డాక అణువులు కదలగలవు, కదలగలిగితే మళ్లీ స్ఫటికంగా సర్దుకుంటాయి, సర్దుకుంటూ తాము పీల్చిన నీటిని బయటికి వదిలేస్తాయి. ఆ వదిలిన నీరు రెండు రేణువులు ఆనుకున్న చోట చేరి కొద్దిగా చక్కెరను కరిగించి, తరువాత ఆరిపోతూ ఆ రెండిటినీ వంతెనలా అతికిస్తుంది. గడ్డకట్టడమంటే కోట్ల కొద్దీ చోట్ల ఈ వంతెనలు కట్టుకోవడమే. బయటి తేమ పెద్దగా చొరబడకుండానే, కొత్తగా పట్టిన పొడి మూత బిగించిన సీసాలో కొద్ది రోజులకే గట్టిపడడానికి కారణం ఇదేనని తెలిసినప్పుడు, మూత సరిగా పెట్టలేదని ఇంట్లో అందరి మీదా విసుక్కున్న సందర్భాలు గుర్తొచ్చి బాధపడ్డాను.

ఈ వంతెనలను అడ్డుకోవడానికే కొన్న పొడిలో మొక్కజొన్న పిండి కలుపుతారు. 1999 నాటి కోడెక్స్ చక్కెరల ప్రమాణం, గడ్డకట్టకుండా చూసే వేరే పదార్థాలేవీ వాడనప్పుడు 5 శాతం వరకు పిండి కలపడానికి అనుమతిస్తుంది. అంటే అరకిలో పొట్లంలో 25 గ్రాముల దాకా ఉండవచ్చు. ఆ పిండి రేణువుల మధ్య అడ్డుగా నిలబడుతుంది, కొంత తేమను చక్కెర కంటే ముందు తాను పీల్చుకుంటుంది. పిండి కలిపారు కాబట్టి త్వరగా చెడిపోతుందని కొందరు గట్టిగా వాదించగా విన్నాను. పొడి పిండి కూడా పొడి చక్కెర లాగే, తేమ తగలనంతవరకు సూక్ష్మజీవులకు అనువైనది కాదు. నిల్వ విషయంలో అది చేసే మేలు కీడు కంటే ఎక్కువ. ఒప్పుకోవలసిన కీడు ఒకటి ఉంది. శుద్ధమైన చక్కెర మీద సరిగా సంతతి వృద్ధి చేసుకోలేని నిల్వ పురుగులకు, పిండి ఉన్నచోట కొంత ఆహారం దొరుకుతుంది. అందుకే పొడి సీసాను బయటి నుంచి పురుగు వచ్చే అవకాశమున్న గోధుమ పిండి, రవ్వ సంచుల పక్కన పెట్టను. పురుగు గాని, దాని పెంకు గాని, సాలెగూడు లాంటి దారం గాని కనిపిస్తే ఆ పొడిని జల్లించి వాడుకోవాలని ప్రయత్నించడం తగదు. చీమల విషయానికి ఇంత ఆలోచన అక్కరలేదు. బిగుతు మూతే దానికి మందు.

ఇంట్లో మిక్సీ పట్టుకున్న పొడికి ఈ పిండి రక్షణ లేదు, పైగా పైపొర అప్పుడే చెదిరి ఉంటుంది. అందుచేత ఇంటి పొడిని నిల్వ సరుకుగా భావించకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆ పూటకు కావలసినంతే పట్టుకోవాలి. మిక్సీ జార్ వేడెక్కితే ఒక క్షణం ఆగి, చల్లారాకే మూత తీసి సీసాలో పోయాలి. వెచ్చటి పొడిని మూత బిగిస్తే సీసా గోడలకు చెమ్మ పడుతుంది. కొన్నాళ్లు దాచక తప్పదనుకుంటే 100 గ్రాముల చక్కెరకు ఒక చెంచా మొక్కజొన్న పిండి కలిపి పట్టడం మేలు. పానీయాల్లో కలపడానికైతే మాత్రం పిండి లేని పొడే కావాలి, ఎందుకంటే పిండి చల్లటి ద్రవంలో కరగక మడ్డిలా అడుగున పేరుకుంటుంది. అసలు ఏడాదికి రెండుమూడుసార్లు మాత్రమే చక్కెర పొడి అవసరపడే ఇంటికి పెద్ద పొట్లం ఎందుకో నాకు అర్థం కాదు. గింజ చక్కెర ఎన్నేళ్లైనా ఉంటుంది, దాన్ని పొడి చేయడానికి ఒక్క నిమిషం చాలు. ఎన్నాళ్లు నిల్వ ఉంటుందన్న బెంగను ఆ ఒక్క నిమిషం పూర్తిగా తీసేస్తుంది.

ఉండలు కట్టిన పొడిని చూడగానే పాడైపోయిందనుకోవడం మన ఇళ్లలో జరిగే అతి పెద్ద అన్యాయం. వేళ్ల మధ్య నొక్కితే పొడిపొడిగా విడిపోయే ఉండ, రవాణాలోనో అరలోనో బరువు కింద నలిగి అణగిందే తప్ప దానికేమీ కాలేదు. జల్లెడ పడితే సరిపోతుంది. వేళ్లకు లొంగక రాయిలా మారినది, తేమ వచ్చి ఆరిపోయిన గుర్తు. అది కూడా చక్కెరే. వాసన బాగుంటే చిదిమి, మిక్సీలో తిప్పి, మళ్లీ జల్లించి వాడవచ్చు. లేదా పాకానికి వాడుకుంటే రేణువు సన్నదనంతో పనే లేదు. పట్టుకుంటే చేతికి అంటుకుంటూ, ఇంకా చెమ్మగా ఉన్నదాన్ని మాత్రం అనుమానించాలి. ఆ చెమ్మ ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, అది నిన్నటి ఆవిరే అయితే, పళ్లెంలో పలుచగా పరిచి పొడి గాలికి ఆరబెట్టవచ్చు. ఎప్పటి నుంచి ఉందో తెలియకపోతే వదిలేయడం మంచిది. ఇంకొక మాట, నిల్వ ఉన్న పొడి అణగి ఉంటుంది కాబట్టి కప్పుతో కొలిస్తే తాజాగా జల్లించినదాని కంటే ఎక్కువ పడుతుంది. పూత గట్టిపడిందని పాత పొడిని తిట్టుకునే ముందు దాన్ని తూకం వేసి చూడాలి.

ఇక ఎలా దాచాలన్నది. నా అనుభవంలో మూడు విషయాలే నిజంగా లెక్కలోకి వస్తాయి: పాత్ర, చోటు, తెరిచే తీరు. పాత్ర సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ పుట్టినరోజు కేకు పాడైన కారణం అక్కడే ఉంది. పలుచటి పాలిథీన్ పొట్లం నీటి ఆవిరిని బాగానే ఆపుతుంది, వాసనలను మాత్రం సరిగా ఆపలేదు. సబ్బు పొడిలోని పరిమళద్రవ్యాలు, కర్పూరం, మసాలా దినుసుల నూనెలు మెల్లగా ఆ పొర గుండా దూరిపోతాయి, లోపల అంత ఉపరితలంతో ఎదురుచూస్తున్న పొడి వాటిని పట్టుకుంటుంది. కాబట్టి పొట్లం తెరవకపోయినా, పొడి ఆరి ఉన్నా, తేదీ మిగిలి ఉన్నా, వాసన పట్టవచ్చు. కాగితపు పొట్లం తేమనూ ఆపదు, వాసననూ ఆపదు. గాజు రెండిటినీ ఆపుతుంది. మూతకు రబ్బరు పట్టీ ఉన్న గాజు సీసా కంటే మెరుగైనది నాకింతవరకు కనిపించలేదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా కూడా పనికొస్తుంది కాని, అందులో అంతకుముందు ఊరగాయ గాని మసాలా గాని ఉండి ఉండకూడదు. ప్లాస్టిక్ పట్టిన వాసన ఎన్ని కడుగులకూ పూర్తిగా పోదు. ఒకసారి వాసన పట్టిన చక్కెర పొడికి విరుగుడు లేదు. ఆరబెట్టినా, జల్లించినా, వేరే ఘాటైన పరిమళం కలిపినా అది అడుగున ఎక్కడో పలుకుతూనే ఉంటుంది. గడ్డకట్టడం కంటే ఇదే పెద్ద నష్టమని నేననేది అందుకే: గడ్డ కనిపిస్తుంది, విరగ్గొట్టవచ్చు, వాసన కనిపించదు, పోదు.

చోటు విషయంలో స్టవ్ పై అర అన్నిటికంటే చెడ్డది. ఉడికే గిన్నెల ఆవిరి నేరుగా అక్కడికే లేస్తుంది, పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. సింకు కింద, కిటికీ పక్కన కూడా తగవు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా భద్రమని నమ్మేవారితో నేను విభేదిస్తాను. సూక్ష్మజీవులు పెరగని పదార్థానికి చలి వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. చల్లటి సీసాను బయటికి తెచ్చి వెంటనే మూత తీస్తే గది గాలిలోని తేమ ఆ చల్లటి పొడి మీద మంచులా కురుస్తుంది. లాభం లేని చోట ఆ నష్టాన్ని కొని తెచ్చుకోవడం ఎందుకు? గోధుమరంగు చక్కెరకు (బ్రౌన్ షుగర్) చెప్పే చిట్కాలను దీనికి వర్తింపజేయడం ఇంకొక పొరపాటు. ఆ చక్కెరలో మడ్డిపాకం ఉంటుంది, అది ఆరిపోతే గట్టిపడుతుంది కనుక డబ్బాలో రొట్టె ముక్క వేసి చెమ్మ అందిస్తారు. చక్కెర పొడికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

బియ్యపు గింజలు వేస్తే తేమ పీల్చేస్తాయన్నది అందరూ చెప్పే మాట. మామూలుగా నిల్వ ఉన్న బియ్యంలోనే 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది. తాము ఆ స్థితిలో ఉంటూ 0.1 శాతం తేమ ఉన్న చక్కెరను అవి ఆరబెట్టగలవని అనుకోవడం కష్టం. బాగా వేయించి, చల్లార్చి, పలుచటి గుడ్డలో మూట కట్టి వేస్తే కొన్నాళ్లు పనిచేస్తాయి, తరువాత మళ్లీ వేయించాలి. ఆహారానికి వాడదగినదని రాసి ఉన్న సిలికా జెల్ పొట్లం దీనికంటే నమ్మకమైనది. నీలం నుంచి గులాబీకి రంగు మారే రకంలో మాత్రం కోబాల్ట్ క్లోరైడ్ ఉండే అవకాశం ఉంది, అది విషపదార్థం కనుక తినేవాటి దగ్గరికి రానివ్వకూడదు.

తెరిచే తీరు గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సీసా నిండుగా ఉన్నప్పుడు పొడి బాగుండి, సగం దాటాక గబగబా గట్టిపడుతూ ఉంటే, పాతబడిందనుకునేదాన్ని. నిజానికి ఖాళీ అయిన మేరకు సీసాలో గాలి చేరుతుంది, మూత తీసిన ప్రతిసారీ ఆ గాలి మారుతుంది, దానితో కొత్త తేమ వస్తుంది. అందుకే పెద్ద సీసా ఒకటి కాక చిన్న సీసాలు రెండుమూడు పెట్టుకుంటాను. ఒకటి వాడుకలో ఉంటుంది, మిగిలినవి తెరవను. ముసురు పట్టిన రోజున, గిన్నెలు ఉడుకుతున్న వేళ వాటిని ముట్టుకోను. ముందుగానే కావలసినంత తీసి పెట్టుకుంటాను.

ఇంత చెప్పాక కూడా "సరే, ఎన్ని నెలలు?" అని అడిగేవారుంటారు, అది న్యాయమైన ప్రశ్నే. తెరవని పొట్లాన్ని వాసనలకు దూరంగా, గాజులోనో మందమైన డబ్బాలోనో ఉంచితే, అచ్చు తేదీ దాటిన ఏడాదికి కూడా నేను నిస్సంకోచంగా వాడాను. తెరిచినదాన్ని పైన చెప్పినట్టు కాపాడితే ఏడాది దాకా జారుడుగానే ఉండడం చూశాను. పొట్లం నోరు మడిచి రబ్బరు బ్యాండు వేసి వదిలేస్తే, వానాకాలంలో ఒక నెల కూడా గ్యారంటీ ఇవ్వలేను. ఈ మూడు జవాబులకూ పొట్లం ఒకటే, అచ్చు తేదీ ఒకటే. వెన్నతోనో పాలతోనో కలిపి పూతగా చేసిన తరువాత లెక్క మారిపోతుంది. అప్పుడు వెన్నకూ పాలకూ ఉన్న గడువే దానికీ వర్తిస్తుంది.

తేదీని పక్కన పెడితే నిర్లక్ష్యం పెరుగుతుందన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. పిల్లలకు పెట్టే చేయి భయపడడంలో తప్పు లేదు. కాని తేదీని మాత్రమే చూసి కేకు చేసిన రోజున నేను వాసన చూడలేదు, వేళ్ల మధ్య నలిపి చూడలేదు. తేదీ ఉంది కదా అన్న ధీమాయే నన్ను నిర్లక్ష్యంలోకి నెట్టింది. ఇప్పుడు వాడే ప్రతిసారీ చెంచాడు పొడిని తెల్ల పళ్లెంలో పరిచి చూస్తాను. రంగు తేడాగా ఉందా, నల్లటి చుక్కో కదలికో ఉందా, చేతికి అంటుతోందా అని చూసి, వాసన పీల్చి, చివరగా చిటికెడు నాలుక మీద వేసుకుంటాను. దీనికంతటికీ అర నిమిషం పడుతుంది.

కిందటి నెల అక్క ఫోన్ చేసింది. "చక్కెర పొడి పొట్లం ఒకటి ఉందే, తేదీ దాటి రెండు నెలలైంది, ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. పొట్లం ఎక్కడ పెట్టావు, పక్కన ఏమున్నాయి, ఎప్పుడు తెరిచావు, నలిపితే విడిపోతోందా అని నేను ఒక్కొక్కటే అడిగాను. తెరవలేదట, స్టీలు డబ్బాలో విడిగా పెట్టిందట. "అయితే ముందు వాసన చూడు అక్కా" అన్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తరువాత జల్లెడ ఆడుతున్న శబ్దం వినిపించింది. మిగిలిన పొడిని గాజు సీసాలో పోసి, దాని మీద ఆ రోజు తేదీ రాసి పెట్టానని సాయంత్రం చెప్పింది.